సభ్యులకు, వారి కుటుంబాలకు

మార్చి 3, సోమవారం

ప్రమాణం అయ్యాక సెక్రటరీ తొమ్మిదిమంది సభ్యులకూ తలా ఒక డైరీ ఇచ్చాడు. మీటింగుల తేదీలు రాసుకోవడానికట. నాకు గుర్తుంచుకోవలసినవి మూడే రోజులు. మంగళ, గురు, శనివారాలు. మా ఆయన డయాలసిస్ రోజులు. అవి రాసుకోకపోయినా మరిచిపోను. అందుకని ఎవరికీ చెప్పలేనివి ఇందులో రాసుకుంటాను.

మొదటిది ఇదే. నేను ప్రజాసేవ కోసం నిలబడలేదు. కార్డు కోసం నిలబడ్డాను.

పోయిన ఏడాది మున్సిపల్ కౌన్సిల్ హాలుకు కర్టెన్లు కుట్టే పని నాకు వచ్చింది. నేను కిటికీలు కొలుస్తుంటే పక్కన సెక్రటరీ ఎవరికో చెబుతున్నాడు. ఉద్యోగులకున్న ఇన్సూరెన్స్ కార్డే సభ్యులకూ వాళ్ల కుటుంబాలకూ ఉంటుందట, ప్రమాణం చేసిన రోజు నుంచే. పాత జబ్బులకూ పనికొస్తుందట. కొలత మరిచిపోయాను. అదే కిటికీని మళ్లీ కొలిచాను.

అప్పటికి ఆయన పనిచేసే లేత్ వర్క్‌షాపు మూతబడి నాలుగు నెలలు. ఉద్యోగంతో పాటు ఇన్సూరెన్సూ పోయింది. నా టైలరింగ్ షాపులో మూడు కుట్టుమిషన్లుంటే రెండు అమ్మాను. డయాలసిస్ వారానికి మూడుసార్లు చేయించాలని డాక్టరు అంటే మేం రెండుసార్లు చేయించాం. కొన్ని వారాలు ఒక్కసారే.

నామినేషన్ వేస్తానంటే అత్తయ్య నవ్వారు. "అడిగి అన్నం పెట్టించుకోవడం రాదు నీకు, ఓట్లేం అడుగుతావే" అన్నారు. ఓట్లు నేను అడగలేదు, ఇస్త్రీ ఆవిడ అడిగింది. నా షాపు గోడకు ఆనించే ఆవిడ బల్ల. వార్డులో ఆవిడ ఎక్కని మెట్లు లేవు. మా అక్క మాటిస్తే తప్పదు, ఆమె కుట్టిన గుండీ ఊడదు అని ఇంటింటికీ చెప్పింది. ముప్ఫై ఒక్క ఓట్లతో గెలిచాను.

ఈ రోజు ప్రమాణంలో "స్వలాభాపేక్ష లేకుండా" అనే ముక్క దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చదివాను. ఉద్వేగం అనుకున్నారు. చైర్మన్ చప్పట్లు మొదలుపెట్టాడు.

మార్చి 11, మంగళవారం

కార్డు వచ్చింది. పైన నా పేరు, కింద ఆయన పేరు. "ఇరవై రెండేళ్లకు కాగితం మీద కూడా నీ కిందికి వచ్చేశాను" అన్నారు ఆయన.

ఆస్పత్రిలో డయాలసిస్ మిషన్లు ఐదు. మూడు కార్డులున్నవాళ్లకు, రెండు మిగతా జనానికి. మధ్యలో అద్దాల తలుపు. పోయిన వారం దాకా మేం తలుపుకి అవతల బెంచీ మీద ఉండేవాళ్లం. అదే నర్సు అప్పుడు "కాస్త జరుగమ్మా" అనేది. ఇవాళ "రండి మేడం" అంది. ఆమెను అనడానికేం లేదు. నేనూ షాపులో కోటు కుట్టించుకునేవాళ్లకు కుర్చీ వేస్తాను.

సాయంత్రం ఆయన మేడమెట్లు ఆగకుండా ఎక్కారు. నేను కింద నిలబడి లెక్కపెట్టాను. పద్నాలుగు.

మార్చి 29, శనివారం

ఈ నెల వరసగా మూడు వారాలు, వారానికి మూడుసార్లు. మొహంలో ఆ బూడిదరంగు పోయింది. అత్తయ్య దిష్టి తగులుతుందని బాగున్నారని నన్ను కూడా అననివ్వడం లేదు.

ఏప్రిల్ 16, బుధవారం

సిగ్గుతో మొదలుపెట్టిన పని మీద ఇష్టం పుడుతుందని నాకు తెలియదు.

ఊరికే కార్డు తీసుకుంటున్నానే అని, ఇచ్చిన ఫైళ్లన్నీ చదవడం మొదలుపెట్టాను. మిగతావాళ్లు మీటింగు మొదలయ్యాక కవరు విప్పుతారు. నేను షాపులో జిప్పులు మారుస్తూ చదువుతాను. అర్థం కానివి సెక్రటరీని అడుగుతాను. మొదట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు నేను రావడం చూసి ముందే ఫైలు తీసి పెడుతున్నాడు.

మా వార్డు చివరి రెండు వీధులకు నీళ్లు ఎందుకు రావో కనిపెట్టాను. వాల్వు పాడై పదకొండేళ్లు. మార్చినట్టు కాగితం మీద రెండుసార్లు ఉంది. మూడోసారి నిజంగా మార్పించాను. ఫిట్టర్ పక్కనే నిలబడి మార్పించాను.

ఏప్రిల్ 17, గురువారం

చివరి వీధికి నీళ్లు వచ్చాయి. ఒక ముసలాయన బక్కెట్టు పట్టకుండా అలా చూస్తూ నిలబడ్డాడు.

మే 21, బుధవారం

సభ్యుల నడవడి చూసే ఎథిక్స్ బోర్డు నుంచి ఒక మేడం వచ్చారు. అరవైకి దగ్గర ఉంటారు. గట్టిగా మాట్లాడరు. కొత్త సభ్యులకు నియమాలు చెప్పడం ఆవిడ పని. మూడు గంటలు చెప్పారు. ఇద్దరు నిద్రపోయారు. నేను నిద్రపోలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ ఏ నియమం చెప్పినా నాకు నా గురించే అనిపించింది.

చివర్లో ఇన్సూరెన్స్ సంగతి వచ్చింది. ప్రజల డబ్బుతో వచ్చే ఏ సదుపాయమైనా సభ్యులు తమకు తామే ఓటేసి ఇచ్చుకోకూడదు. ఇవ్వాలనుకుంటే తరవాతి కౌన్సిల్‌కు ఇవ్వొచ్చు, ఈ కౌన్సిల్‌కు కాదు. అంతవరకూ బాగానే ఉంది. మా కార్డులు పాత కౌన్సిల్ చేసిన తీర్మానం మీద నడుస్తున్నాయి. మేడం ఆ తీర్మానం కాగితం అడిగి తీసుకుని చదివారు. కింద చిన్న అక్షరాల్లో గడువు ఉంది. జూన్ 30.

పాతవాళ్లు పొడిగించడం మరిచిపోయారు. మేం పొడిగించుకుంటే అది మాకు మేం ఇచ్చుకున్నట్టే.

చైర్మన్ "అబ్బే, ఏదో దారి ఉంటుంది మేడం" అన్నాడు. ఉండదని ఆవిడ నెమ్మదిగా చెప్పారు. ఇంకో సభ్యుడు, "పోతే పోయిందిలెండి, మాకెవరికి అవసరం" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మే 22, గురువారం

ఆయన మిషన్ మీద ఉన్నంతసేపూ గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. జూన్ 30 సోమవారం.

జూన్ 9, సోమవారం

చైర్మన్ షాపుకు వచ్చాడు. ఆయనకు హార్డ్‌వేర్ కొట్టు ఉంది, కారుంది, సొంత టైలరున్నాడు. అయినా ఒక ప్యాంటు తెచ్చి రెండంగుళాలు తగ్గించమన్నాడు. నేను కొలుస్తుంటే నిలబడి చెప్పాడు.

దారి దొరికిందట. లాయరు చెప్పాడట. అందరికీ కలిపి ఒకే తీర్మానం చేస్తే తప్పు. తొమ్మిదిమందికీ తొమ్మిది తీర్మానాలు చేస్తే తప్పు లేదు. ఎవరి తీర్మానం వచ్చినప్పుడు వాళ్లు బయటికి వెళ్లిపోవాలి. మిగతా ఎనిమిదిమంది చెయ్యెత్తుతారు. అప్పుడు ఎవరూ తమకు తాము ఓటేసుకున్నట్టు కాదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే అనుకున్నాను. పైకి మాత్రం "బాగుంది సార్" అన్నాను.

ఆ తరవాత యార్డు సంగతి ఎత్తాడు. ఊళ్లో సెప్టిక్ ట్యాంకర్లలోని మురుగు వదలడానికి చోటు లేదు. మా వార్డు చివర పాత ఇటుకబట్టీ గుంతలున్నాయి. అక్కడ యార్డు పెట్టాలని ప్రతిపాదన. కాంట్రాక్టు తీసుకునేది చైర్మన్ బావమరిది. నలుగురు ఒప్పుకున్నారు. ఇంకొక్క చెయ్యి కావాలి.

"రెండిటికీ సంబంధం లేదు చెల్లెమ్మా. అదీ ఇదీ ఒకే రోజు ఎజెండాలో ఉన్నాయని చెబుతున్నానంతే" అన్నాడు. వెళ్లేముందు మళ్లీ అన్నాడు, సంబంధం లేదని. మెట్లు దిగి, వెనక్కి తిరిగి, "మీ ఆయనకు ఇప్పుడెలా ఉంది?" అని అడిగాడు.

జూన్ 10, మంగళవారం

యార్డు ఫైలు తెప్పించుకుని చదివాను. ఇంజనీరు రాసిన ఒక పేజీ ఉంది. ఇసుక నేల, ఇంకుతుంది. వార్డు బోరు నూట యాభై మీటర్ల దూరం. గుంతలకు సిమెంటు గచ్చు చేయించకుండా వాడకూడదు. తరవాతి పేజీలో ఖర్చు ఎక్కువవుతుందని గచ్చు కొట్టేశారు.

చదవకుండా ఉంటే బాగుండేది. చదవడం నేనే నేర్చుకున్నాను.

జూన్ 11, బుధవారం

ఎథిక్స్ మేడంకు ఫోన్ చేశాను. ఒక సభ్యుడికి ఇలా జరిగితే అని మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే, "ఆ సభ్యుడి ఇంట్లో జబ్బు ఎవరికి?" అని అడిగారు. మావారికి అన్నాను.

తొమ్మిది తీర్మానాల ఎత్తు చెల్లదని రాతపూర్వకంగా అభ్యంతరం పంపుతానన్నారు. కానీ ఓటుకు ఓటు మార్చుకున్నట్టు ఎవరైనా చెబితే తప్ప బోర్డు చేయగలిగింది తక్కువట. నేను అడిగాను, కార్డు పోతే మనిషి పోయేటట్టుంటే నియమం ఏమంటుంది మేడం అని.

"ఆ ప్రశ్న నియమంలో లేదమ్మా. ఉండాల్సింది. పంతొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇప్పటికీ లేదు" అన్నారు. ఆ తరవాత, సర్కారు ఆస్పత్రి వెయిటింగ్ లిస్టులో ఇవాళే పేరు రాయించమన్నారు. వెళ్లి రాయించాను. మా ముందు నూట పద్దెనిమిదిమంది ఉన్నారు. అదీ వారానికి ఒక్కసారి కోసం.

జూన్ 26, గురువారం, ఉదయం 5:40

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి నా వార్డుది. గొయ్యి నా ఇంట్లోది.

అదే రోజు, సాయంత్రం 6

అంశాల వరస చైర్మనే రాశాడు. యార్డు నాలుగోది. కార్డులు ఐదోది.

నాలుగో అంశానికి నాలుగు చేతులు లేచాయి. చైర్మన్ నా వైపు చూడలేదు. పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. నా ఎదురుగా ఇంకో సభ్యుడు, రిటైరైన పోస్ట్‌మాన్, కూర్చున్నాడు. ఆయనతో నేను నాలుగు రోజుల కిందటే గచ్చు సంగతి చెప్పాను. ఆయన నా వైపు ధీమాగా చూసి నవ్వాడు.

చెయ్యెత్తాను.

నవ్వు ఆయన మొహంలో ఇంకా కాసేపు ఉండిపోయింది. తీసేయడం మరిచిపోయినట్టు.

ఐదో అంశానికి ముందు, ఎథిక్స్ మేడం పంపిన అభ్యంతరాన్ని సెక్రటరీ చదివాడు. నమోదు చేశాం అన్నాడు చైర్మన్. ఆ తరవాత మొదలైంది. ఒకరు లేచి బయటికి వెళ్లడం, ఎనిమిది చేతులు లేవడం, ఆయన రావడం, ఇంకొకరు లేవడం. తలుపు బందు కీచుమంటోంది. అయిదోవాడు వెళ్లేటప్పటికి అందరూ నవ్వుతున్నారు. ఎవరో "నూనె వేయించండయ్యా, అదీ తీర్మానం చేద్దాం" అన్నారు. పోస్ట్‌మాన్ కూడా తన వంతుకు బయటికి వెళ్లివచ్చాడు. తిలాపాపం తలా పిడికెడు.

నా వంతు ఏడోది. వరండాలో నిలబడ్డాను. నిమిషం కూడా పట్టలేదు. "రండి మేడం, అయిపోయింది" అని సెక్రటరీ పిలిచాడు. ఈసారి నా కళ్లలోకి చూడలేదు.

అక్కడినుంచి నేరుగా ఆస్పత్రికి. ఆయన అప్పుడే మిషన్ దిగారు. మీటింగు ఎలా జరిగింది అన్నారు. మామూలే అన్నాను.

జూలై 1, మంగళవారం

కొత్త కార్డు. రంగు మారింది.

జూలై 9, బుధవారం

ట్యాంకర్లు మొదలయ్యాయి. రోజుకు పది, పన్నెండు. చివరి వీధి వాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు. నా దగ్గరికి ఆరుగురు వచ్చారు. "ఎవరు ఒప్పుకున్నారమ్మా దీనికి, నువ్వుండగా?" అని అడిగారు. మెజారిటీ అన్నాను. ఇస్త్రీ ఆవిడ బల్ల మీంచి తలెత్తకుండానే, "మా అక్క ఒక్కతే ఏం చేస్తుంది, తొమ్మిదిమందిలో" అని వాళ్ల మీద విరుచుకుపడింది.

జూలై 15, మంగళవారం

నాలుగు రోజులుగా ఎడతెగని వాన. గుంతలు నిండి పొర్లాయి.

మా ఇంట్లో తాగే నీళ్లు కాచి వడగట్టమని అత్తయ్యకు చెప్పాను. ఎందుకన్నారు. వానాకాలం కదా అన్నాను. వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతారు కదా.

ఆ రోజు చెయ్యెత్తడం కన్నా ఇది పెద్ద తప్పు. ఆ రోజు ఆయన కోసం అనుకున్నాను. ఇది నా కోసం.

జూలై 20, ఆదివారం

చివరి రెండు వీధుల్లో ఇంటింటా వాంతులు, విరేచనాలు. నేను నీళ్లు రప్పించిన వీధులే.

జూలై 22, మంగళవారం

ఇద్దరు పోయారు. ఇద్దరూ పెద్దవాళ్లు. బక్కెట్టు పట్టకుండా నీళ్లను చూస్తూ నిలబడ్డాయన ఒకరు.

ఇస్త్రీ ఆవిడ మూడు రోజులుగా బల్ల వేయలేదు.

జూలై 24, గురువారం

ఆస్పత్రిలో అద్దాల తలుపుకి అవతల బెంచీ మీద ఇస్త్రీ ఆవిడ పడుకుని ఉంది. ఒంట్లో నీరంతా పోయి కిడ్నీలు దెబ్బతిన్నాయట. నాలుగైదుసార్లు డయాలసిస్ చేస్తే మళ్లీ తేరుకోవచ్చట. ఆ రెండు మిషన్లూ ఖాళీ లేవు. ముందున్నవాళ్లు అయ్యాక ఈమె వంతు. పొద్దుటి నుంచీ ఉన్నారు. భర్త గోడకానుకుని కూర్చుని ఉన్నాడు.

ఇటువైపు మూడింట్లో రెండు మిషన్లు ఊరికే ఉన్నాయి. కార్డున్నవాళ్లు ఎవరూ రాలేదు.

నర్సును అడిగాను. రూల్ ఒప్పుకోదు మేడం అంది. నేను సభ్యురాలినన్నాను. రూల్ మీరే కదా మేడం చేసేది అంది. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అంది.

ఇస్త్రీ ఆవిడ నన్ను చూసి లేవబోయింది. పెదాలు పగిలి ఉన్నాయి. "బావగారికి బాగుందా అక్కా?" అని అడిగింది.

బాగుంది అన్నాను. లోపలికి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన రక్తం గొట్టంలో ఎర్రగా తిరుగుతోంది. నాలుగు గంటలూ తలుపు వైపు చూడలేదు.

జూలై 25, శుక్రవారం

ఇస్త్రీ ఆవిడను తెల్లవారుజామున మూడింటికి మిషన్ మీదికి తీసుకున్నారట. ఇంకా ప్రాణాలతో ఉంది.

మధ్యాహ్నం షాపు షట్టర్ సగం దించి ఆయనకు అంతా చెప్పాను. ఆయన స్టూలు మీద కూర్చుని విన్నారు. ఇరవై ఏడేళ్లు లేత్ మీద పనిచేసిన మనిషి. మొదట కొలతే అడిగారు.

"బోరుకు ఎంత దూరం?"

"నూట యాభై మీటర్లు."

"ఇసుక నేలా?"

"అవును."

"చదివే ఎత్తావా?"

"చదివే."

చాలాసేపు చేతిలో ఉబ్బిన ఆ నరాన్ని, సూదులు గుచ్చే చోటును, నిమురుతూ కూర్చున్నారు. "నా కోసం చేశానని ఎవరితోనూ అనకు. నాతో అసలే అనకు" అన్నారు. నేను ఏడ్చాను. ఓదార్చలేదు. ఇప్పుడేం చేయమంటారని అడిగితే, "అది కూడా నా నెత్తిన పెడతావా?" అన్నారు.

షట్టర్ ఆయనే పైకెత్తారు. ఎవరో చిన్న గౌనుకు జిప్పు వేయించుకోవడానికి వచ్చారు. వేసి ఇచ్చాను.

జూలై 27, ఆదివారం

అత్తయ్యకు నేను చెప్పలేదు. ఎథిక్స్ మేడంకు ఉత్తరం రాస్తుంటే వెనక నిలబడి చదివారు. ఆవిడకు చదువు వచ్చని ఎప్పుడూ మరిచిపోతాను.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది" అన్నారు. "నీ కాళ్ల మీద కాదే. నా కొడుకు కాళ్ల మీద."

నేను రాస్తూనే ఉన్నాను.

"అయిపోయిందేదో అయిపోయింది. పోయినవాళ్లు నీ ఉత్తరం చూసి లేచివస్తారా? యార్డు ఆపాలంటే ఊళ్లో గోల చెయ్యి, ధర్నా చెయ్యి, నేనూ వచ్చి కూర్చుంటా. నువ్వు అమ్ముకున్నానని ఎందుకు రాయాలి?" అన్నారు. ఆవిడ అడిగింది న్యాయమే. గోల చేస్తే ఆరునెలలు పడుతుంది. ఓటు అమ్ముడుపోయిందని ఒక సభ్యురాలు రాసిస్తే తీర్మానం ఆ రోజే ఆగుతుంది. ఆ ఒక్క కారణమే చెప్పాను.

"మరి వాడో?" అన్నారు.

పక్కగదిలో ఆయన దగ్గు వినిపించింది. వింటున్నారు. అత్తయ్య వెళ్లిపోయారు. వంటింట్లో గిన్నె కింద పడేసిన చప్పుడు.

జూలై 28, సోమవారం

ఇచ్చేశాను. రెండు పేజీలు. ఎక్కడా ఆయన పేరు రాయలేదు.

జూలై 30, బుధవారం

యార్డు మీద స్టే. ట్యాంకర్లు ఆగాయి. వార్డుకు లారీల్లో నీళ్లు. బోరుకు తాళం.

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు.

ఆగస్టు 13, బుధవారం

విచారణ. పొడవాటి బల్ల, అటు ముగ్గురు, ఇటు మేం. చైర్మన్ తెల్లచొక్కాలో వచ్చాడు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికే షాపుకు వెళ్లానన్నాడు. రసీదు చూపించాడు. నేను రాసిచ్చిన రసీదే, నా చేతిరాతే. చెల్లెమ్మ ఇంట్లో కష్టం ఉంది, మనసు చెదిరి ఏదో అంటోంది, నాకు ఆమె మీద కోపం లేదు అని కూడా అన్నాడు.

ఇంత ఆలస్యంగా ఎందుకు చెబుతున్నారని నన్ను అడిగారు. అద్దాల తలుపు సంగతి చెప్పాలనుకున్నాను. "బోరు నీళ్లు పాడయ్యాయి" అన్నాను. రాసుకున్నారు.

అయ్యాక మేడం మెట్ల దగ్గర కలిశారు. "మీరు చేసింది సరైన పని. దానివల్ల మీకు మంచి జరుగుతుందని మాత్రం అనుకోకండి. ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను" అన్నారు. వెళ్లబోయి ఆగి, కార్డు రద్దయ్యేదాకా ఎన్ని సిట్టింగులు వస్తే అన్ని చేయించండి అన్నారు. ఒక ఎథిక్స్ అధికారి అనవలసిన మాట కాదనుకుంటాను.

ఆగస్టు 29, శుక్రవారం

ఆర్డరు వచ్చింది.

యార్డు తీర్మానం రద్దు. తొమ్మిది తీర్మానాలు నిజానికి ఒక్కటే కాబట్టి తొమ్మిదీ రద్దు. నా సభ్యత్వం రద్దు, ఆరేళ్లు పోటీ చేయకూడదు. చైర్మన్ విషయంలో సాక్ష్యం చాలలేదు. ఇకముందు జాగ్రత్త వహించవలసిందిగా సూచన.

సెక్రటరీ షాపుకు వచ్చి కాపీ చేతికిచ్చి సంతకం తీసుకున్నాడు. ఆర్డరులో లేనిది ఒకటి చెప్పాడు. మార్చి నుంచీ తొమ్మిది కార్డుల్లో వాడింది ఒక్కటేనట.

సెప్టెంబర్ 2, మంగళవారం

కార్డు లేని మొదటి మంగళవారం. ఆయన అలవాటుగా చొక్కా వేసుకుని, చెయ్యి మడిచిపెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి విప్పేశారు.

సెప్టెంబర్ 10, బుధవారం

సర్కారు ఆస్పత్రిలో వంతు వచ్చింది. బుధవారాలు మాత్రమే. ఈలోగా అప్పు చేసి బయట ఒక్కసారి చేయించాం. మా ముందున్న నూట పద్దెనిమిదిమందిలో కొందరు వేరేచోటికి మారారట. మిగతావాళ్ల గురించి నేను అడగలేదు.

పాదాలు వాస్తున్నాయి. షాపులో ఉన్న ఆ ఒక్క కుట్టుమిషనూ అమ్ముతానంటే ఆయన ఊరుకోలేదు. "రెండు వారాలు లాగుతుంది. తరవాత మీ ఇద్దరూ ఏం తింటారు?" అన్నారు. లేత్ మీద లెక్క చూసుకున్నట్టే చెప్పారు.

సెప్టెంబర్ 18, గురువారం

ఇస్త్రీ ఆవిడ తిరిగివచ్చింది. సగం మనిషి అయింది. కిడ్నీలు కోలుకున్నాయట. షాపు గుమ్మంలో నిలబడి, "నువ్వు చెయ్యెత్తావంట కదా అక్కా" అంది.

"ఎత్తాను."

"నువ్వే రాసిచ్చావంట కదా."

"అవును."

ఆవిడ ఆలోచించింది. "మా ఆయన కోసమైతే నేనూ ఎత్తేదాన్నేమో. నిన్ను తిట్టడానికి నోరు రావట్లేదు. కానీ ఇదివరకులా పక్కన నిలబడలేనక్కా" అంది.

మధ్యాహ్నం వాళ్లాయన వచ్చి బల్లను వీధికి అటువైపు మార్చాడు. నేను ఒక పక్క పట్టుకోబోయాను. వద్దన్నాడు, మర్యాదగానే.

సెప్టెంబర్ 24, బుధవారం

ఆస్పత్రిలో డాక్టరు చిన్న గ్లాసు ఒకటి చూపించి, రోజు మొత్తానికి ఇలాంటివి రెండు అన్నాడు. వారానికి ఒక్కసారే శుభ్రపడే ఒంట్లో, తాగిందంతా ఊపిరితిత్తుల్లోకి చేరుతుందట. అత్తయ్య ఇంట్లో గ్లాసులన్నీ అలమారలో పెట్టి తాళం వేశారు. అలాంటి చిన్నదొక్కటే బయట ఉంచారు.

ఆయన నోరెండి అర్ధరాత్రి లేస్తున్నారు. తడిగుడ్డతో పెదాలు అద్దుతున్నాను. అత్తయ్య అటువైపు తిరిగి పడుకుంటారు. నిద్రపోరు.

అక్టోబర్ 3, శుక్రవారం

గుంతల్లోని మురుగు ఎత్తిపోసి మట్టి నింపారు. బోరు కడిగారు, మందు వేశారు, మూడుసార్లు పరీక్ష చేశారు. ఈ రోజు నీళ్లు వదిలారు. వీధంతా కుళాయిల దగ్గరే. నన్ను చూసి ఇద్దరు నమస్కారం పెట్టారు. ఒకామె ఉమ్మింది.

నీళ్లకు వాసన లేదు. ఒక బక్కెట్టు పట్టి, ఇంట్లోకి తెచ్చి పెట్టాను. ఆయన దాన్ని చూస్తూ కూర్చున్నారు.

అక్టోబర్ 5, ఆదివారం

మధ్యాహ్నం ఆయన నీళ్లడిగారు. రెండు గ్లాసులూ పొద్దున్నే అయిపోయాయి. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ లేచి, అలమార తాళం తీసి, అన్నిటికన్నా పెద్ద గ్లాసు నిండా పట్టి తెచ్చి ఇచ్చారు.

ఆయన ఆపకుండా తాగారు. "బాగున్నాయి" అన్నారు.

ఇంకోటి ఇమ్మంటారా అని అడిగింది నేనే.